యోనా గిన్నె

సాధన సూది పట్టి పద్దెనిమిదేళ్లు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా, పరగడుపున రక్తం ఇచ్చేవాళ్ల ఇళ్లకు తెల్లారకముందే స్కూటీ మీద వెళ్లి, శాంపిళ్లు తెచ్చి ల్యాబ్‌లో ఇస్తుంది. ముసలివాళ్ల చేతుల్లో దాక్కున్న నరాన్ని వేలితో తడిమి పట్టేస్తుంది. సూది అనగానే బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్న మగవాళ్లను బుజ్జగించి బయటికి రప్పించింది. భయం తన ఒంటికి పడదని ఆమె నమ్మకం. మొన్న డిసెంబరు దాకా ఆ నమ్మకం చెదరలేదు.

సరూర్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. భర్త ఆనంద్ కుమార్ ఒక దవాఖానలో లిఫ్టు నడుపుతాడు. రెండో షిఫ్టు కాబట్టి పొద్దున ఎనిమిది దాకా లేవడు. కూతురు జోస్నా నర్సింగ్ హాస్టల్‌లో ఉంటుంది. మామ కొమరయ్య మార్చిలో పోయాడు. ఆయన పెంచిన కుక్క యోనా మిగిలింది.

చెరువు పొంగి గల్లీలు మునిగిన ఏడు, మూడో రోజున మోరీ గొట్టంలోంచి ఆ కుక్కపిల్లను కొమరయ్యే లాగాడు. "బైబిల్ల యోనా చేప కడుపుల ఉన్నట్టు మూడు దినాలు మోరీల ఉండి బయటికొచ్చింది. ఇది యోనా గాక ఇంకెవరు?" అన్నాడు. పాస్టరయ్య నవ్వి, "కుక్కకు ప్రవక్త పేరేంది కొమరయ్యా?" అంటే, "ఆయనకు కోపమొస్తే నాకు జెప్తడు తియ్యుండ్రి అయ్యగారూ" అన్నాడు.

ఈ క్రిస్మస్‌కు ఊళ్లో కొమరయ్య సమాధికి రాయి వేయించారు. పండగ మర్నాడు జ్ఞాపకార్థ కూడిక. పెద్దకోడలు పోకుంటే మాట పడాలి, పైగా సాధనకూ పోవాలనే ఉంది. నిరుడు యోనాను ఊరికి తీసుకుపోతే వాడకుక్కలు చెవి చీల్చాయి. అందుకని ఈసారి పది రోజులు ఎక్కడైనా వదలాలనుకున్నారు.

ఎల్బీనగర్‌లో స్వప్న అనే నల్గొండామె తన మేడమీద కుక్కలను ఉంచుకుంటుంది. ఆమెకు ఒకటే షరతు. ముందుగా ఒక రోజు తెచ్చి వదలాలి. ఆ రోజు తింటేనే తీసుకుంటుంది.

"పోయినేడు ఒకటి నాలుగొద్దులు ముద్ద ముట్టలే అక్కా. సెలైన్ ఎక్కిచ్చిన. మల్ల గా పరేషాన్ నాతోని గాదు."

ఒక కాగితం ఇచ్చింది. ఏం తింటది, దేనికి బెదురుతది, ఎవరి మాట ఇంటది. చివరి గీత దగ్గర సాధన కాసేపు ఆగి తన పేరే రాసింది.

ఆదివారం వదిలింది. సాయంత్రం స్వప్న ఫోను చేసింది.

"అక్కా, గిన్నె పెట్టేటప్పుడు ఏమంటరు మీరు?"

"కుక్కకు ఏమంట? పెట్టి డ్యూటీకి పోత."

"లేదక్కా. దీనికి ఆకలున్నది. సొల్లు కారుతున్నది. అయినా గిన్నె ముంగట కూసోని ఎదురుచూస్తున్నది. ఎవరన్నా తినుమంటె తిందమన్నట్టు."

సాధనకు అప్పుడు గుర్తొచ్చింది. కొమరయ్య తన కంచానికి చేసినట్టే కుక్క గిన్నెకూ ప్రార్థన చేసేవాడు. ఇంట్లోవాళ్ల పేర్లన్నీ వరసగా చెప్పి, చివర యోనా పేరు చెప్పి, ఆమెన్ అనేవాడు. ఆ మాట వినిపిస్తేనే అది మూతి పెట్టేది.

మరి ఈ తొమ్మిది నెలలు? రోజూ అయిదుంబావుకు గిన్నె పెట్టి వెళ్లిపోయేది. తిరిగొచ్చేసరికి గిన్నె నాకినట్టు ఉండేది.

రాత్రికి యోనాను ఇంటికి తెచ్చుకుంది. మర్నాడు భర్తను అడిగింది. "పొద్దుగాల లేచి యోనాకు ప్రార్థన చేస్తున్నవా?"

"నాకేం పని? నువ్వే చేస్తున్నవ్ గద. పండుకోని ఇంటనే ఉంట."

"ఏమింటవ్?"

"ఏముంది, సన్నగ గొణుగుడు, ఆఖరికి ఆమెన్. నీ బండి సప్పుడు పోయినంక..." అని ఆగిపోయాడు. "నిద్రల ఏదో ఇన్నట్టున్న తియ్యి" అని లుంగీ సర్దుకుంటూ లేచిపోయాడు.

మంగళవారం సాధన గిన్నె పెట్టి, బండి తీసి, గల్లీ మలుపు దాకా పోయి ఆపేసింది. మంచులో నడిచి వెనక్కి వచ్చి కిటికీ పక్కన నిలబడింది. ముందుగదిలో కొమరయ్య మంచం ఇంకా తీయలేదు. యోనా గిన్నె ముందు కూర్చుంది. దాని చూపు గిన్నె మీద లేదు. మంచం తలాపున, మనిషి కూర్చుంటే ముఖం ఉండేంత ఎత్తులో ఉంది.

రక్తం తీసేముందు చేతికి పట్టీ కట్టి లెక్కపెట్టే అలవాటు కొద్దీ సాధన లోపల్లోపల లెక్కపెట్టింది. టీవీ లేదు, ఫోను లేదు. పక్కగదిలో ఆనంద్ గురక ఒక్కటే. నూట ముప్పై అయిదు దగ్గర యోనా తోక ఒక్కసారి నేలకు కొట్టుకుంది. పేరు పిలిస్తే కొట్టుకున్నట్టు. నూట నలభై దగ్గర తల వంచి తినసాగింది.

జేబులో ఫోను మోగింది. దిల్‌సుఖ్‌నగర్ గంగాధరరావు. "ఏవమ్మా, బయల్దేరారా? మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చున్నానండీ. ఇంకాస్త ఆలస్యమైతే మీరు తీయడానికి రక్తం ఉండదు."

ఆ రోజు ఆయన చేతికి రెండుసార్లు గుచ్చింది. అలా జరగడం ఆమె ఎరగదు.

గురువారం యోనాను మళ్లీ స్వప్న మేడకు తీసుకుపోయింది. ఈ పూటా తినకపోతే ఊరి ప్రయాణం లేనట్టే. గిన్నె పెట్టి తనే ప్రార్థన చేసింది, ఆమెన్ అంది. యోనా ఆమె వైపు చూడనే లేదు. మెట్ల వైపు చూస్తూ కూర్చుంది.

"ఇయ్యాల గూడ గంతేనా?" అని స్వప్న మిగతా గిన్నెలకోసం కిందికి దిగింది.

సాధన ఒక్కతే ఉంది. గొంతు తగ్గించి మెట్లవైపు తిరిగి మాట్లాడింది.

"మామా, ఊర్ల మీ రాయికాడ అందరు కూడుతరు. మిమ్ముల పిలుస్తరు, పాటలు పాడుతరు. మీరు ఆడికి రాకుండ్రి. ఈడనే ఉండుండ్రి. దీనికి మీరు గావాలె."

లెక్కపెట్టలేదు. కాసేపటికి వెనక గిన్నె నేలమీద జరిగిన చప్పుడైంది. తిరిగి చూడకుండానే మెట్లు దిగింది.

ఊళ్లో కూడిక బాగా జరిగింది. "కొమరయ్య ఈ వేళ మన మధ్యనే ఉన్నడు" అని పాస్టరు అంటే అందరూ కళ్లు తుడుచుకున్నారు. సాధన ఫోనులో స్వప్న పంపిన వీడియో చూసుకుంటోంది. ఖాళీ గిన్నె. పది రోజులూ అదే.

జనవరి రెండున యోనాను ఇంటికి తెచ్చుకుంది. మూడో తారీఖు పొద్దున గిన్నె పెట్టి, బండి బయటికి తీసి, ఎందుకో కిటికీలోంచి తొంగి చూసింది. యోనా మంచం వైపు చూస్తోంది. నూట నలభై దాటింది. రెండు వందలు. మూడు వందలు. మంచాన్ని వాసన చూసి, గుమ్మం దాకా వచ్చి, మళ్లీ వెళ్లి గిన్నె ముందు కూర్చుంది.

అప్పుడు ఆమెకు తట్టింది. మామను ఆ మేడమీదే ఉండమని చెప్పింది. తిరిగి ఇంటికి రమ్మని చెప్పలేదు. కోడలు చెబితే ఆ మనిషి మారు మాట్లాడేవాడు కాదు.

లోపలికి వచ్చి, హెల్మెట్ తీయకుండానే నేలమీద కూర్చుని పేర్లు మొదలుపెట్టింది. ఆనంద్. జోస్నా. మరుదులు, తోడికోడళ్లు, వాళ్ల పిల్లలు. వరస తప్పింది, సరిదిద్దుకుంది. యోనా ఈసారి ఆమె ముఖంలోకే చూసింది. చివరి పేరుకు తోక ఆడింది. ఆమెన్ అనగానే తినడం మొదలుపెట్టింది.

ఫోను మోగింది. గంగాధరరావే అనుకుంది. కాదు, స్వప్న.

"అక్కా, మీ యోనా ఏం నేర్పిందో గని, మావి ఆరు కుక్కలు గిన్నెల ముంగట సక్కగ కూసుంటున్నయి. అన్ని ఒక్కదిక్కే చూస్తున్నయి. నాకైతే ఒళ్లు జలదరిస్తున్నది."

"తింటున్నయా?"

"జరసేపటికి తింటున్నయి."

"నువ్వేమన్న అంటున్నవా?"

"నేనేమంట? పెట్టి నిలబడ్డ."

"ఆడ నిలబడకు స్వప్నా" అంది సాధన, హెల్మెట్ పట్టీ బిగిస్తూ. "గిన్నెలు పెట్టి కిందికి దిగు. అయిపోతది."