మే నెల తలుపు

స్పెయిన్‌లోని కోర్దోబాలో మే నెల పూల పండుగ దగ్గరపడితే పొరుగున హయేన్‌ పట్నంలో ఉన్న రఫాయేలాకు తిండి సయించదు. లోపలి వాకిట్లో పూలు చూడ్డానికి అందరికీ ఇళ్ళ తలుపులు తెరిచే ఆ పండుగలోనే, అమ్మ పోయాక తనతో మాటలు మానేసిన అక్క ఫుయెన్‌సాంతా గడప ఆమె తొక్కగలిగేది. పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే ప్రయాణానికి నెల ముందే గౌను ఇస్త్రీ చేసుకుని, అద్దం ముందు "అక్కా, పూలు బాగా పూశాయే" అని వల్లె వేసుకుంటుంది. "పూలు చూసొచ్చేదానికి ఇంత గాభరా ఏంటే?" అంటాడు మొగుడు.

ఈసారి వరుసలో నిలబడి లోపలికి వెళ్ళింది గానీ, కుండీలకు నీళ్ళు పోస్తున్న అక్కను చూడగానే వల్లె వేసిన మాట మరిచిపోయింది. అమ్మ పెంచిన మొక్కను ముట్టుకుంది. అక్క ఆమె కళ్ళలోకే చూసి, "ముట్టుకోకండమ్మా. మీరు ముందుకు నడవండి, వెనక జనం ఉన్నారు" అంది. తిరుగు బస్సులో రఫాయేలా వచ్చే మే నెలకు ఏ గౌను వేసుకోవాలా అని ఆలోచించడం మొదలుపెట్టింది. అక్క మాట్లాడింది కదా.