రెండో బ్రేకు మీద కాలు

మా పిన్ని చెప్పులు విప్పందే ఎవర్నీ తన కారెక్కనివ్వదు. కారు శుభ్రంగా ఉండాలని కాదు. ఆ సీట్ల కింద రాలిన బిస్కెట్ పొడితో ఓ పిట్టల గుంపు బతికేయొచ్చు. "అరికాలికి చెవులుంటాయి. చెప్పులేసుకుంటే బండి చెప్పేది దానికి వినపడదు," అంటుంది. డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చినవాడు బ్యాంకు మేనేజరైనా సరే, మేజోళ్ళతో సహా విప్పి వెనక సీట్లో పడేయాల్సిందే.

నాకు ఊహ తెలిసేటప్పటికే ఆవిడ డ్రైవింగ్ నేర్పుతోంది. కారు మూడుసార్లు మారింది గానీ ఆవిడ కూర్చునే చోటు మారలేదు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ దగ్గర, ఆవిడ పక్క సీట్లో. అక్కడ కాళ్ళ దగ్గర ఆవిడకి విడిగా ఇంకో బ్రేకు ఉంటుంది. ఆ రెండో బ్రేకు మీద ఆవిడ కుడికాలు ఎప్పుడూ ఆనీ ఆనకుండా ఉంటుంది. అందుకే ఊళ్ళో అందరూ ఆవిణ్ణి బ్రేకు మేడం అంటారు.

అరవడం, విసుక్కోవడం ఆవిడకి తెలియదు. నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే బండి మెత్తగా ఆగిపోతుంది, అంతే. ఆగింది తమ వల్లేనని వాళ్ళు మురిసిపోతారు. నేనూ అలాగే మురిసిపోయాను. లైసెన్సు చేతికొచ్చి, మొదటిసారి ఒంటరిగా బండి తీసి, మలుపులో పాలవ్యానుకి ముద్దు పెట్టిన రోజున గానీ, అన్నాళ్ళూ ఆపింది ఎవరో నాకు తెలిసిరాలేదు. ఇప్పుడు నా కూతురు ఆవిడ దగ్గరే నేర్చుకుంటోంది. ఇంకెవరి దగ్గరా కూర్చోబెట్టాలని నాకు తోచనైనా తోచలేదు.

ఈ పిన్నికీ మా అమ్మకీ చిన్నప్పటినుంచి ఒకటే కోరిక, మంచు చూడాలని. చూడటమంటే బొమ్మలో కాదు, చేత్తో పట్టుకోవాలి. పెళ్ళిళ్ళు, పిల్లలు, చావులు అన్నీ అయిపోయి, అమ్మ లైబ్రరీ ఉద్యోగం నుంచి దిగిపోయాక, ఇప్పటికి కుదిరింది. వేరే దేశం, విమానం, మంచుకొండ దాకా వెళ్ళే రైలు. టిక్కెట్లు కొనేశారు. ఇక మిగిలింది ప్రయాణం ఇన్సూరెన్స్ ఒక్కటే. ఆ ఒక్కదాని దగ్గర అక్కాచెల్లెళ్ళిద్దరూ ఉప్పూనిప్పూ అయ్యారు.

మా అమ్మ సంగతి చెప్పాలి. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా గొడుగు పట్టుకెళ్తుంది. ఆ గొడుగు ఎక్కడన్నా మర్చిపోతుందేమోనని సంచిలో ఇంకోటి. "ఇన్సూరెన్స్ లేకుండా నేను గుమ్మం దాటను. దానికీ ఉండాలి, నాకూ ఉండాలి," అని కూర్చుంది.

పిన్ని ససేమిరా అంది. ఈ యుద్ధమంతా మా బేకరీ వెనకగదిలో, పిండి బల్లకి అటొకరు ఇటొకరు నిలబడి చేశారు. మధ్యలో నేను బన్నులు చుడుతున్నాను.

"అక్కడ జారిపడితే?" అంది అమ్మ.

"పడితే లేస్తాం."

"కాలు విరిగితేనో?"

"విరగని కాలికి ఇప్పట్నించే కట్టు కట్టించుకుంటావా ఏంటి?"

నిజం చెప్పొద్దూ, మొదట్లో నేను పిన్ని వైపే. టిక్కెట్ల వాళ్ళు గాలికి కూడా ఇన్సూరెన్స్ అంటగట్టే రకం. అయితే ఆ మధ్య మా దగ్గర కేకు కొనడానికొచ్చిన సంగీతం మాస్టారు తన గోడు చెప్పుకున్నారు. ఊరుగాని ఊళ్ళో కడుపునొప్పి వచ్చి ఆపరేషనైతే, ఆసుపత్రి బిల్లుకి పియానో అమ్ముకున్నారట. పియానో లేని సంగీతం మాస్టారు బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ కేకు కోసం ఎదురుచూడటం నేను చూశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అప్పటినుంచీ నేను అమ్మ పక్షాన చేరాను.

"పిన్నీ, నువ్వు రోజూ బతికేదే ఇన్సూరెన్స్ మీద," అన్నాను. "ఆ రెండో బ్రేకు ఏంటి మరి? పిల్లలు సరిగ్గా తొక్కితే దాంతో పనే లేదు. అయినా తీసి పారేస్తావా? అదుందన్న ధైర్యంతోనే కదా మేమందరం పిల్లల్ని పంపిస్తున్నాం?"

గెలిచానని నాకు తెలుసు. పిన్ని మాటకి మాట అప్పజెప్పే మనిషి. ఆ మాటకి మాత్రం బల్ల అంచు పట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. సరదాకన్న మాటకి ఇంత నొచ్చుకుందేమిటా అనుకున్నాను. కాసేపు పిండి ముద్దని వేలితో పొడిచి, "సరే, పదండి. ఆ తంతేదో కానిచ్చేద్దాం," అంది.

టిక్కెట్ల ఆఫీసు రెండు వీధుల అవతలే. చిన్న గది, నున్నటి తెల్ల గచ్చు, గోడ నిండా ప్రపంచ పటం. ఎవరు ఏ దేశం వెళ్తుంటే అక్కడో రంగు పిన్ను గుచ్చడం అక్కడి అలవాటు. బల్ల దగ్గరున్న అమ్మాయి చక్కటి మాటకారి. పిన్నుల డబ్బా అమ్మ చేతికిచ్చి, "మీ మంచుకొండ ఎక్కడుందో మీరే గుచ్చండమ్మా," అంది. అమ్మ చేతులు సంతోషానికి కూడా వణుకుతాయి. డబ్బా కాస్తా జారి గదంతా పిన్నులు చిందాయి. ముగ్గురం వంగి ఏరాం. పిన్ని మాత్రం తన కార్లోలాగే చెప్పులు బల్ల కింద వదిలేసి, కుర్చీలో కదలకుండా కూర్చుంది.

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. పెట్టె పోతే ఇంత, విమానం రద్దైతే ఇంత, ఆసుపత్రిలో పడితే ఖర్చంతా వాళ్ళదే. అమ్మ మొహం వెలిగిపోయింది, మంచు ఇప్పుడే చేతిలో పడ్డట్టు.

"ఇక ఆరోగ్యం గురించి కొన్ని అడుగుతానండి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇప్పుడు దాచి, తర్వాత బయటపడితే, పైసా కూడా రాదు," అంది ఆ అమ్మాయి.

అమ్మ తన చరిత్ర విప్పింది. చిన్నప్పటి కోరింతదగ్గు నుంచి మొదలుపెడితే ఆ అమ్మాయే "చాలండీ, చాలండీ" అనాల్సి వచ్చింది. తర్వాత పిన్ని వంతు.

"షుగర్ ఉందాండీ?"

"ఉంది. ఎవరికి లేదు?"

"దానివల్ల కళ్ళకి గానీ, కిడ్నీలకి గానీ, కాళ్ళకి గానీ ఏమైనా..."

పిన్ని దిగ్గున లేచింది. "ఏం అడుగుతున్నావమ్మా నువ్వు? నేను మంచు చూడ్డానికి పోతున్నానా, పెళ్ళిచూపులకి పోతున్నానా? నాకొద్దు నీ ఇన్సూరెన్స్."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎందుకింత ఉలికిపాటో నాకు అర్థం కాలేదు. ఆవిడ గుమ్మం దాకా విసవిసా నడిచింది. మళ్ళీ వెనక్కొచ్చి, "అక్కా, నువ్వు తీసుకో. నాకెందుకు బలవంతం?" అంది. మళ్ళీ గుమ్మం వైపు తిరిగింది.

అప్పుడు చూశాను గచ్చు మీద. తెల్లటి గచ్చు మీద ఎర్రటి మచ్చలు, అడుగు విడిచి అడుగుకి. గుమ్మం దాకా వెళ్ళాయి, తిరిగొచ్చాయి, మళ్ళీ వెళ్తున్నాయి. సిరా ఒలికిందేమో అనుకున్నాను ఒక్క క్షణం. పిన్ని మడమ ఎత్తేసరికి, అరికాలి మధ్యలో పసుపుపచ్చ పిన్ను తల కనిపించింది. తల దాకా దిగిపోయింది. దాని మీదే మొత్తం బరువేసి నిలబడి, ఆవిడ మాతో వాదిస్తోంది!

"పిన్నీ! కాలు!" అని కేకపెట్టాను.

ఆవిడ ఆగి, కిందికి చూసి, "ఏ కాలు?" అంది.

ఆ రెండు మాటలూ ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు. ఏ కాలు, అని అడిగింది. మనిషన్నవాడికి అలాంటి ప్రశ్న నోటికి వస్తుందా?

అమ్మే ముందు తేరుకుంది. చెల్లెల్ని కుర్చీలో కూలేసి, తను నేల మీద చతికిలబడి, ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని పిన్ను లాగింది. పిన్ని మొహంలో చిన్న ముడత కూడా పడలేదు. తన పాదంలోంచి పిన్ను లాగుతుంటే, ఎవరిదో చెప్పు బాగుచేస్తుంటే చూసినట్టు చూస్తోంది.

"ఎప్పట్నించే?" అంది అమ్మ.

"ఎడమది బానే ఉంది."

"ఎప్పట్నించీ అని అడిగాను."

"రెండేళ్ళు దాటింది కాబోలు. మొదట్లో తిమ్మిరి అనుకున్నా."

రెండేళ్ళు. నా కూతురు ఆ కారెక్కి నెల కావస్తోంది. ఆ పొద్దున కూడా ఎక్కింది. ఆ సాయంత్రం మొదటిసారి హైవే మీదకి తీసుకెళ్తానని పిన్ని చెప్పింది, అది ఎగిరి గంతేసింది, నేను దానికి కేకు ముక్క కట్టిచ్చాను!

"మరి బ్రేకు ఎలా తొక్కుతున్నావు?" అన్నాను.

"చూసి తొక్కుతున్నా."

"దేన్ని చూసి? రోడ్డునా?"

పిన్ని తన పాదం వైపు చూసుకుంది. తర్వాత చాలా చిన్నగా, "కాలిని," అంది.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. "బుద్ధుందా నీకు? లారీలు పోయే రోడ్డు మీద, పిల్లని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, నువ్వు తలొంచుకుని నీ కాలు ఎక్కడుందో వెతుక్కుంటావా?"

"దానికేమన్నా కానిస్తానటే నేను?"

"కానివ్వకపోవడానికి నీ చేతిలో ఏముంది? నీ కాల్లో పిన్ను దిగితేనే నీకు తెలీలేదు!"

టిక్కెట్ల అమ్మాయి ఎప్పుడు లేచిందో, దూది పట్టుకుని గోడకి అతుక్కుపోయి నిలబడింది. అమ్మ ఆ దూది అందుకుని గాయం తుడుస్తూ, "నాకైనా చెప్పలేదేమే?" అంది.

"నీకు చెప్తే నా కాలికి కూడా గొడుగు పట్టేదానివి." నవ్వబోయింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. "నోట్లోంచి బయటికొస్తే నిజమైపోతుంది కదక్కా. ఆ సీటు దిగితే నేనెవర్ని? నన్ను మేడం అని ఎవరు పిలుస్తారు?"

ఇంకా నాలుగు తిడదామనుకున్నాను. కోపం పోలేదు. కానీ ఆవిడ ఏడవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"వద్దనుకుంటే వదిలేద్దామండీ," అంది ఆ అమ్మాయి భయంభయంగా.

"వద్దమ్మా. రాసుకో," అంది పిన్ని మొహం తుడుచుకుని. "కుడికాలికి స్పర్శ లేదు. రెండేళ్ళు పైబడింది. ఎవరికీ చెప్పలేదు. అది కూడా రాయి."

ఆ అమ్మాయి రాసుకుని, కాస్త తటపటాయించి చెప్పింది. డాక్టరు కాగితం తేకపోతే ఆ కాలికి సంబంధించినవి ఏవీ లెక్కలోకి రావట, మిగతావన్నీ వస్తాయట.

"బాగుంది," అంది పిన్ని. "రభసంతా ఏ కాలు వల్ల జరిగిందో, అది తప్ప మనిషంతా భద్రం."

"రేపు డాక్టరు, ఆ తర్వాత ఇన్సూరెన్స్, ఆ తర్వాతే మంచు," అంది అమ్మ. ఇన్నేళ్ళలో అమ్మ చేతులు వణక్కుండా ఉండటం అదే మొదలు. "నేను తీసుకెళ్తాను దాన్ని."

బయటికొచ్చాం. పిన్ని కారు వీధి చివర ఆపి ఉంది, మీద పసుపు బోర్డుతో. ఆవిడ తాళాలు తీసి, కాసేపు చేతిలోనే పెట్టుకుని, నాకిచ్చేసింది. అమ్మ వెనక కూర్చుంది. పిన్ని అలవాటు కొద్దీ పక్క సీట్లో కూర్చుంది. నేనూ అలవాటు కొద్దీ చెప్పులు విప్పి వెనక పడేశాను.

బండి కదిలించబోతూ పక్కకి చూశాను. పిన్ని రెండు కాళ్ళూ సీటు మీదకి లాక్కుని, మఠం వేసుకుని కూర్చుంది. నా జన్మలో ఆ బ్రేకు మీద ఆవిడ కాలు లేకపోవడం చూడలేదు. "ఇక నువ్వే," అంది.

కూడలి దగ్గర సైకిలొకటి అడ్డంగా వచ్చింది. తొక్కాను. బండి మెత్తగా ఆగింది. సైకిలువాడు వెళ్ళిపోయాడు, సిగ్నల్ దీపం ఎరుపైంది.

పిన్ని ముందుకే చూస్తూ అంది: "ఈ రెండేళ్ళూ బండి ఆగినప్పుడల్లా, ఆపింది నేనో పిల్లలో నాకు తెలిసేది కాదే."

ఒళ్ళో ఫోను మోగింది. నా కూతురు. తీసి, "సాయంత్రం క్లాసు లేదు," అని మాత్రం చెప్పగలిగాను. ఎందుకని అది అడుగుతూనే ఉంది. దీపం ఆకుపచ్చైంది, వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతున్నాయి. బ్రేకు మీంచి కాలు తీయడం నా వల్ల కాలేదు.