పెరటాసి శనివారం నాటి రక్తపరీక్ష

1978 జులైలో తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో, రసాయనశాస్త్ర విభాగంలో జూనియర్ రీసెర్చ్ ఫెలోగా చేరాను. రెండేళ్ళు తిరిగేసరికి మన దేశపు మందుల పరిశ్రమను మలుపు తిప్పే అణువును నా చేతులతో తయారుచేశాను. మలుపు తిప్పడం అన్నది కొంచెం ఎక్కువైంది, తీసేయండి. తయారుచేసిన మాట నిజం. అయితే ఆ చేతులు ఎక్కువ కాలం గాజుసామాను కడగడంలోనూ, ద్రావకాలను కాచి శుద్ధి చేయడంలోనూ గడిపాయని కూడా చెప్పాలి.

విభాగంలో అందరికన్నా పైన ప్రొఫెసరు, ఆయన కింద రీడర్లు, వాళ్ళ కింద లెక్చరర్లు, అందరి కిందా మేము. జూనియర్ ఫెలోకు గడువు రెండేళ్ళు. ఆపైన ఢిల్లీ నుంచి కమిటీ వచ్చి పని చూస్తుంది. నచ్చితే సీనియర్ ఫెలో, నచ్చకపోతే ఇల్లు. నాకు ఇల్లంటే పీలేరులో మా నాయన నడిపే శెనక్కాయల మండీ. మూటలు తూకం వేయించడానికి నమ్మకమైన మనిషి కావాలని ఆయన రెండేళ్ళుగా అంటూనే ఉన్నాడు.

మేము చేసే పని చెబుతాను. అమైనో ఆమ్లాలను ఒకదాని వెనక ఒకటి గుచ్చుకుంటూ పోతే పెప్టైడ్. తిరుచానూరులో అమ్మవారి గుడి ముందు పూలు కట్టేవాళ్ళను చూసినవాళ్ళకు అంతకన్నా వివరం అక్కర్లేదు. రెండు కొసలూ కలిపి ముడివేస్తే చక్రీయ పెప్టైడ్. కొసలు లేని దండను ఒంట్లోని ఎంజైములు అంత సులువుగా కొరకలేవు కాబట్టి మందులవాళ్ళకు దానిమీద మోజు. గ్రామిసిడిన్-ఎస్ అనే పాత యాంటిబయాటిక్ అలాంటి వలయమే. సూక్ష్మక్రిమి పొరను చించి చంపుతుంది. చిక్కేమిటంటే, మన ఎర్ర రక్తకణాల పొరను కూడా అంతే శ్రద్ధగా చించుతుంది. అందుకని పుండ్లమీద పూయడానికే గానీ సూదిమందుగా పనికిరాదు. ఆ వలయంలో రెండుచోట్ల నైట్రోజన్ మీది హైడ్రోజన్‌ను తీసి మిథైల్ గుంపును తగిలిస్తే, క్రిమిని చంపి రక్తాన్ని వదిలిపెడుతుందేమో చూడడం నాకు అప్పగించిన పని.

కొసలు కలపడం దగ్గరే బోల్తా పడ్డాను. చిటికెడు పదార్థాన్ని లీటర్ల కొద్దీ ద్రావకంలో పలచగా కలపాలి. అప్పుడే ప్రతి గొలుసూ పక్కన ఎవరూ దొరక్క తన తోకను తానే పట్టుకుంటుంది. నేనేమో బిందెడు నీళ్ళతో ఇంటిల్లిపాదికీ స్నానాలు అయ్యే ఊళ్ళో పెరిగినవాణ్ణి. చిటికెడు పొడికి అంత ద్రావకం పోయడానికి చెయ్యి రాలేదు. చిన్న ఫ్లాస్కులో కానిచ్చాను. అడుగున జిగట ముద్ద మిగిలింది. మదనపల్లె మనిషైన మా ప్రొఫెసరుగారు ఆ ఫ్లాస్కును వెలుతురుకు పట్టి చూసి, “ఏమప్పా, ధర్మదర్శనం క్యూ మాదిరి ఉండాదే ఇది! ఒకని నడుము ఒకడు పట్టుకోని నిలబడితే ఇంక చక్రం యాడిది? వాటికి జాగా ఇడువు” అన్నారు.

రెండోసారి జాగా విడిచాను. పెద్ద ఫ్లాస్కు, చుక్క చుక్కగా. ముడి పడిందో లేదో తేలాలంటే పదార్థాన్ని ఒక పలక మీద చుక్కపెట్టి, నిన్‌హైడ్రిన్ చల్లి వేడిచేస్తాం. విడి కొస ఉంటే ఊదారంగు మచ్చ లేస్తుంది. ముడి పడితే ఏ మచ్చా రాదు. నాకు రాలేదు. రెండేళ్ళ శ్రమకు ఫలితంగా ఒక తెల్ల పలక మిగిలింది.

ఢిల్లీ కమిటీలకు తిరుపతి అంటే మహా ఇష్టం. పరిశీలన తేదీ దర్శనాన్ని బట్టి ఖాయమయ్యేది. 1980లో మాకు పెరటాసి శనివారం పడింది. పెరటాసి కొండమీది స్వామి నెల, మావైపు ఎవరూ మాంసం, చేపలు, ఏ నీసూ ముట్టరు. పొద్దున కొండ, మధ్యాహ్నం మేము. వాళ్ళ ఎదుట రక్తకణాల పరీక్ష చేసి చూపాలి. గురువారమే మటన్ అంగడి నుంచి గొర్రె రక్తం, గడ్డకట్టకుండా సిట్రేటు కలిపి, తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. శుక్రవారమంతా కరెంటు లేదు. శనివారం పొద్దున చూస్తే కణాలు వాటంతటవే పగిలి సీసా నిండా ఎర్రనీళ్ళు. కొత్తది తెద్దామంటే, పెరటాసి శనివారం తిరుపతిలో మటన్ అంగడి తెరిచే మొగోడు లేడు.

ఇక్కడ నా వీరగాథ మొదలవుతుంది. చొక్కా చెయ్యి మడిచి, “విజ్ఞానం కోసం నా రక్తం తీసుకోండి” అన్నానని ఎన్నో ఏళ్ళు విద్యార్థులకు చెప్పాను. మొదట్లో అది ఒక సిరంజి రక్తం. నేను రిటైరయ్యేనాటికి సీసాడు అయింది.

జరిగింది వేరు. ప్రతి పెరటాసి శనివారం ఒంటిపొద్దు ఉండి అలిపిరి మెట్లెక్కి పోవడం మా నాయనకు అలవాటు. ఆ సంవత్సరం కొండ ఎక్కే ముందు ల్యాబుకు వచ్చాడు. కొండ దిగినాక పెట్టె బేడాతో నన్ను పీలేరు తీసుకుపోదామని ఆయన ఉద్దేశం. నేను గర్వంగా తెల్ల పలక చూపించాను. ఆయన దాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

“రెండేండ్లకు ఇదా? దీంట్లో ఏమీ లేదే!”

“ఏమీ లేకపోవడమే గొప్ప నాయనా.”

“అట్లయితే మన మండీ కాడికి ఉత్తచేతులతో వచ్చేటోళ్ళంతా గొప్పోళ్ళే.”

అంతలో, గొర్రె రక్తానికి బదులుగా నా రక్తం తీయడానికి ప్రొఫెసరుగారు పిలిపించిన హెల్త్ సెంటరు సిస్టరు సిరంజితో వచ్చింది. నేను చెయ్యి చాపిన మాట నిజం. సూది చూసి స్టూలు మీంచి జారిన మాటా అంతే నిజం. కళ్ళు తెరిచేసరికి ఆ స్టూలు మీద మా నాయన కూర్చుని చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. ఒంటిపొద్దులో ఉన్నారు వద్దు పెద్దాయనా అని సిస్టరు అంటోంది.

“ఒంటిపొద్దులో తినగూడదు గానీ ఇయ్యగూడదని యాడన్నా ఉండాదామ్మా? తియ్యి. సూది సూస్తేనే వానికి ఈ గతి. మూటలెత్తే కొక్కెం సూస్తే ఏమైపోతాడో!”

మధ్యాహ్నం మూడు గొట్టాల్లో ఆ రక్తకణాలు పోశాం. ఒకదాంట్లో ఉత్త ఉప్పునీరు, ఒకదాంట్లో పాత మందు, ఒకదాంట్లో మాది. ఒంటివేడి నీళ్ళలో కాసేపు ఉంచి సెంట్రిఫ్యూజులో తిప్పాం. కణాలు పగిలితే పైనీరు ఎర్రబడుతుంది, పగలకపోతే అవి అడుగుకు దిగి పైన తేటగా ఉంటుంది. పాత మందు గొట్టం ఎర్రగా తేలింది. మాది ఉప్పునీటి గొట్టం మాదిరే తేటగా ఉంది. గుండ్లు చేయించుకుని వచ్చిన సభ్యులు చందనం పూసిన తలలు ఊపారు. నన్ను సీనియర్ ఫెలోను చేశారు. గోడవార నిలబడి చూస్తున్న మా నాయన, “పెట్టె సర్దొద్దులే” అని ఒక్కడే అలిపిరి బస్సెక్కినాడు.

క్రిముల పరీక్ష కొన్ని నెలల తర్వాతగానీ కుదరలేదు. మా పదార్థం వేసిన పళ్ళెంలో క్రిములు దివ్యంగా పెరిగాయి. మిథైల్ గుంపులు వలయం ఆకారాన్నే మార్చేశాయి, దాంతో పొరను చించే గుణం మొత్తంగా పోయింది. మేము మంచితనం అనుకున్నది ఉత్త చేతకానితనం.

తర్వాత పీలేరు పోయినప్పుడు, “నా రగతం పోసిన మందు యాడ అమ్ముతారప్పా?” అని నాయన అడిగాడు. అది క్రిములను చంపదని చెప్పాను. ఆయన, “పెరటాసిలో పరీచ్చ పెట్టినారు గదా. అది గూడా నీసు మానేసినట్టుండాది” అన్నాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. మందు హాని చేయదని తేలితే సగం ప్రశ్నకే జవాబు దొరికినట్టు. అది అసలేమైనా చేస్తుందా అన్నది మిగతా సగం. తర్వాత నా దగ్గర చేరిన ప్రతి విద్యార్థి చేతా రక్తం గొట్టాన్నీ క్రిముల పళ్ళేన్నీ ఒకే రోజు పెట్టించాను. గొట్టం తేటగా కనబడగానే చప్పట్లకు లేచిన చేతులను పళ్ళెం చూసేదాకా ఆగమన్నాను.