విమానం తీగా, కరెంటు తీగా

మా అబ్బాయి సుధీర్ పోయిన రెండో ఏడు, వాడి స్నేహితులు వాడి పేరు మీద చిన్న విమానాల పోటీ పెట్టి నన్ను పిలిచారు. ఎక్కడంటే, వాడు పోయిన పొలంలోనే. వెళ్లకూడదనుకున్నాను. కానీ అదే చోట మళ్లీ ఎగరేస్తారని విన్నాక, ఇంకో తల్లి గతి తలుచుకుని ఇంట్లో కూర్చోలేకపోయాను.

పొద్దున్న ఏడింటికి నర్సీపట్నంలో కృష్ణదేవిపేట షేర్ ఆటో ఎక్కాను. పదిహేను రూపాయలు. మనుషులు నిండేదాకా కదలదు, అరగంట ముందే వెళ్లండి. నా ఒళ్లో సుధీర్ ఉక్కు తీగల చుట్ట ఉంది. డ్రైవరు అద్దంలో చూశాడు.

"ఏటమ్మా అది, గేలానికా?"

"మావోడి ఇమానానికి, బాబూ."

"ఇమానానికి తాడేటమ్మా, మేకని కట్టీసినట్టు!"

ఆటోలో అందరూ నవ్వారు. నిజానికి అది అంతే. చిన్న ఇంజను విమానానికి రెండు సన్నటి తీగలు, ఇటు కొసన చేతిపిడి. మనిషి మధ్యలో నిలబడి తిరుగుతుంటే విమానం చుట్టూ తిరుగుతుంది, పిడి వంచితే పల్టీలు కొడుతుంది. సుధీర్ రెక్కలు తనే గీసుకుని బూరుగు చెక్కతో చేసుకునేవాడు. ఆ రోజు విమానం పైకి లేచినప్పుడు దాని తీగ పెద్ద కరెంటు తీగకు తగిలింది. పిడి వాడి చేతిలో ఉంది.

ఊరికి ముందే దిగి గట్టు మీద పది నిమిషాలు నడిస్తే ఆ పొలం వస్తుంది. కోత అయిన మడిలో సున్నంతో వలయం గీశారు. పక్కనే కరెంటు స్తంభం. దానికి సుధీర్ ఫొటో, బంతిపూల దండ.

"రండి పిన్నీ, మీరే మొదలెట్టాలి," అన్నాడు వాడి స్నేహితుడు ప్రసాద్.

"ఆడు పోయిన సోటే దొరికిందేటిరా మీకు?"

"గురుతుగా ఉంటాదని పిన్నీ. ఈసారి జాగర్తగానే ఉంటాం. తీగ ఆ స్తంభం దాకా రాదు."

"రాదా? మీ తీగలూ ఇంత పొడుగే కదేటి, ఇది పట్టుకో."

చుట్ట కొస వాడి చేతికిచ్చి వలయం మధ్యలో నిలబెట్టాను. తీగ విప్పుకుంటూ నడిచాను. అరవై అడుగులు నడిచి స్తంభం దగ్గరకు వచ్చేసరికి నా చేతిలో ఇంకా నాలుగు చుట్లు మిగిలాయి.

"ఇయ్యేటి సెయ్యమంటావు, సెప్పు?"

ప్రసాద్ స్తంభం పైకి తలెత్తి చూశాడు. "బేగి సామాన్లెత్తండ్రా," అన్నాడు. నాలుగు మడుల అవతలికి మారారు. దండ నేనే విప్పాను. పదకొండింటికి ఇంజన్ల చప్పుడు మొదలైంది. నేను చూడలేదు, రోడ్డు మీదకు వచ్చి ఆటో కోసం నిలబడ్డాను.

వాడు పోయినప్పుడు, దేవుడు పిలుచుకున్నాడని చర్చిలో అందరూ అన్నారు. దేవుడి మీద వేసేస్తే ఎవరూ అరవై అడుగులు నడవక్కర్లేదు. నేను మాత్రం నడిచానా? సాయంత్రాలు ఆ తీగలు తుడిచి చుట్టిచ్చినదాన్ని, ఎక్కడ ఎగరేస్తావురా అని ఒక్కసారి అడగలేదు.

ఎగరేయడానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. పెట్టె తెరవకముందే తల ఎత్తి చూడండి. మీరు నిలబడే చోటి నుంచి కరెంటు తీగ దాకా మీ తీగకు మూడింతల దూరం లేకపోతే విమానాన్ని పెట్టెలోనే ఉండనిచ్చి తిరిగి వచ్చేయండి. ఎండలో ఊరికే తిరిగొచ్చావని మీ అమ్మ తిడుతుంది. తిట్టనివ్వండి.