విమానవాహక నౌకలో చిక్కుకున్న రోజు

ఫ్లోరిడాలో పెన్సకోలా తీరం నుంచి రెండు గంటలు పడవలో వెళ్తే, అక్కడ సముద్రం అడుగున ఒక విమానవాహక నౌక ఉంటుంది. యుద్ధాల్లో పనిచేసి ముసలిదైపోయాక, చేపలకు ఇల్లవుతుందని ప్రభుత్వమే దాన్ని ముంచేసింది. డైవింగ్ తెలిసినవాళ్లు దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మేమిద్దరం జార్జియాలోని కమ్మింగ్ నుంచి ఆరు గంటలు కారులో వెళ్లాం.

నాతో వచ్చింది వరంగల్ అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ఇద్దరికీ నలభై దాటాయి. పిల్లల్ని ఈత క్లాసుకి తీసుకెళ్లి, గట్టున కూర్చుని కూర్చుని విసుగెత్తి, మనమెందుకు నేర్చుకోకూడదని మొదలుపెట్టాం. నాలుగేళ్లలో తను నాకంటే బాగా ఆరితేరింది.

పడవ మీద సిలిండర్లు తగిలించుకుంటుంటే, "నౌక మీది టవర్ చుట్టు తిరుగుదాం. లోపలికైతే పోవద్దు, మనకు ఆ ట్రైనింగ్ లేదు," అంది. సరేనన్నాను.

తాడు పట్టుకుని దిగుతూ పోతే, ఎనభై అడుగుల లోతులో నౌక టవర్ కనిపించింది. తుప్పు మీద నాచు, నాచు మీద చేపలు. ఇంకొంచెం కిందికి తలుపు లేని గుమ్మం ఒకటి. కెప్టెన్ నిలబడి నౌకను నడిపించిన గది అదేనని పడవ నడిపే ఆయన ముందే చెప్పాడు. రెండు బారలు లోపలికెళ్లి వెంటనే వచ్చేస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. వెళ్లాను.

వెనక్కి తిరగబోతే ఏదో లాగి పట్టుకుంది. ఎవరో ఎప్పుడో పోగొట్టుకున్న చేపల గాలం దారం నా సిలిండర్‌కి చుట్టుకుంది. కంగారులో కాళ్లు కొట్టాను. అడుగున పేరుకున్న మడ్డి అంతా లేచింది. గుమ్మం మాయమైంది, నా చెయ్యి నాకే కనిపించలేదు. కదిలేకొద్దీ దారం భుజాల మీద బిగుస్తోంది. వేగంగా ఊపిరి తీస్తే గాలి త్వరగా అయిపోతుందని తెలుసు. తెలిసీ ఆపుకోలేకపోయాను. ఆ క్షణంలో నాకు దేవుడు గుర్తు రాలేదు. కారు తాళాలు హోటల్ డ్రాయర్లో పెట్టానని తనకి చెప్పలేదే అనుకున్నాను.

ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. టార్చి వెలుగులో తన ముఖం నా ముఖానికి ఆనేంత దగ్గరగా వచ్చింది. అరచేతిని మెల్లగా పైకీ కిందికీ ఆడించి, నిదానంగా ఊపిరి తీయమంది. తర్వాత నా వెనక్కి వెళ్లింది. కత్తితో దారం కోస్తున్నట్టు తెలుస్తోంది. మధ్యలో ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ మొదలైంది. దారం ఒక్కసారిగా వదులైంది, తను నన్ను బయటికి ఈడ్చేసింది.

తప్పించుకున్నాననుకున్నాను. కానీ పైకి ఇంకా ఇరవై అడుగులుండగా ఆగాల్సి వచ్చింది. అంత లోతులో అంతసేపు ఉన్నాక ఒకేసారి పైకొస్తే రక్తంలో బుడగలు లేచి ప్రాణం మీదికొస్తుంది. పదకొండు నిమిషాలు ఆగమని చేతి కంప్యూటర్ చూపిస్తోంది. నా సిలిండర్లో గాలి ఎంతుందో చూపే ముల్లు ఎర్ర గీత దాటింది. తన సిలిండర్‌కున్న రెండో గొట్టం నా నోటికి అందించింది. పడవ అడుగు, నిచ్చెన, ఎండ అన్నీ కనిపిస్తున్నాయి. వెళ్లడానికి లేదు. ఒకే తాడు పట్టుకుని, ఒకే సిలిండర్ గాలి పీలుస్తూ వేలాడాం.

పడవెక్కాక మాస్కు విసిరేసింది. "చెప్పిన కదనే! లోపలికి పోవద్దని చెప్పిన కదా!"

"తప్పైపోయింది."

"తప్పేంది? సచ్చిపోతుంటివి!" అని కూలబడి ఏడ్చింది.

రెండు వారాల తర్వాత మా ఇంటికొచ్చి, వంటింట్లో నిలబడి, "ఒకటి చెప్తా, కోపం చేయకు," అంది.

"చెప్పు."

"దారం కోస్తుంటే కత్తి జారింది. మడ్డిల ఎంత వెతికినా దొరకలే. నా గాలి గూడ తగ్గుతుండె. నిన్ను ఇడిచిపెట్టి పోదామనిపించింది. ఒక్క నిమిషం."

"మరెందుకు పోలేదు?"

"ఏమో. పోవాలనుకుంటుండంగనే కత్తి వేళ్లకు తాకింది."

తన స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నని ఆలోచించాను. "నేనైతే వెళ్లిపోయేదాన్నేమోనే," అన్నాను. తను నా పక్కకొచ్చి నిలబడింది.