మేనత్త రుద్దిన మోచేయి

పక్కింటి పిల్ల మోచేతికి సిమెంటు కట్టు విప్పేశారని మొన్న నాకు మొదట చెప్పింది మా కోడలు. చేయి ముడుచుకోవడం లేదని, వాళ్లమ్మ నూనె వెచ్చబెడుతోందని కూడా ఆమే చెప్పింది. ఆ మాట వినగానే చెప్పులైనా తొడుక్కోకుండా వెళ్లి, గిన్నె పొయ్యి మీది నుంచి దింపించి, మోచేతిని మాత్రం రుద్దవద్దమ్మా అని బతిమాలి వచ్చాను. ఇంటికి వచ్చి కూర్చున్నాక తల వంచుకుని ఉండిపోయాను. వెచ్చటి నూనె వాసన నాకు ఇన్నేళ్ల తరువాత కూడా సిగ్గునే మోసుకొస్తుంది.

మాది జహీరాబాద్‌లో లింగాయతుల ఇల్లు. నన్ను బడికి పంపలేదు, మా నాయనే ఇంట్లో పలక పట్టించి నాలుగు అక్షరాలు నేర్పాడు, ఆ ఋణం ఈ జన్మకు తీరదు. అయితే ఆ చదువులో ఒంటి గురించి ఒక్క పాఠమూ లేదు. చేయి ముడిస్తే ఎముకే తనంతట తాను వంగుతుందనుకునేదాన్ని. డెబ్బైల మాట ఇది, నేను పెద్దమనిషినైన ఏడాదే మా ఊరి దగ్గరి కోహీర్‌లో జామచెట్టు మీది నుంచి పడి ఎడమ మోచేయి విరగ్గొట్టుకున్నాను. కట్టు కట్టే ఆయన వెదురు బద్దలు పెట్టి చేయిని చాపి కట్టాడు, మన తరం వాళ్లకు ఆ కట్లు గుర్తుండే ఉంటాయి. విప్పి చూస్తే చేయి అట్లాగే చాపుకుని ఉండిపోయింది.

మా ఇళ్లలో ఎవరి ఇష్టలింగం వారి మెడలో ఉంటుంది. స్నానం చేశాక దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, గుండె ఎత్తుకు తెచ్చి, కళ్లెదుట నిలిపి, కుడిచేత్తో విభూతి, పత్రి సమర్పించాలి. అది కానిదే ముద్ద ముట్టరు, ఆ లింగాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడమూ ఉండదు. మోచేయి ముడవనిదే నా అరచేయి గుండె దగ్గరికి రాదు, తొడ మీదే ఉండిపోయేది. శివుణ్ణి కాళ్ల పక్కన కూర్చోబెట్టుకున్నట్టుగా ఉండేది. అందరూ వరుసగా పూజకు కూర్చుంటే నేను గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని, మా గురువు జంగమయ్య ఇంటికి వస్తే వంటింట్లోకి తప్పుకునేదాన్ని.

నా అవస్థ చూడలేక మా మేనత్త పూనుకుంది. ఆమె నాయనకు అక్క, మా వీధి చివరనే ఉండేది, ఆ వీధిలో పుట్టిన పసిబిడ్డలందరికీ నూనె రుద్ది నీళ్లు పోసిన చేతులు ఆమెవి. పొద్దున, సాయంత్రం కుసుమ నూనె వెచ్చజేసుకుని వచ్చి, మోచేతిని గట్టిగా రుద్ది, పట్టుకుని వంచేది. నేను ఏడిస్తే తానూ ఏడ్చేది.

"జర ఓర్సుకో బిడ్డా, లింగయ్య నీ కండ్లకాడికి రావద్దా?"

"బట్టలు పిండినట్టు పిండుతున్నవు అత్తా" అంటే, "బట్టలు గింత మొత్తుకోవు" అని ఏడుపులోనే నవ్వించేది.

మోచేయి వాచింది, వేడెక్కింది, వంగే ఆ కాస్తా వంగడం మానేసింది. అప్పుడు అమ్మా, అత్తా నన్ను బీదర్ తీసుకుపోయారు. అక్కడి ఎముకల డాక్టరు సగం కన్నడం, సగం తెలుగు కలిపి మాట్లాడే పెద్దాయన. చేయి పట్టుకోగానే "దీన్ని ఎవరు రుద్దుతున్నరు తాయీ?" అన్నాడు. అమ్మ నేల చూపులు చూసింది. అత్త చేతులు రెండూ కొంగు కింద దాచుకుని, "నేనే" అంది.

ఆయన కోప్పడలేదు. అమ్మ జబ్బ మీద నా కుడిచేయి పెట్టించి, అమ్మను మోచేయి ముడవమన్నాడు. ముందువైపు కండ బిగిసి లేచింది, వెనకవైపుది మెత్తబడింది. చాపమంటే వెనకది బిగిసింది, ముందుది వదులైంది. కండకు లాగడమే తెలుసట, తోయడం తెలియదట, అందుకే కీలుకు ఇటొకటి, అటొకటి ఉంటాయని, ఒకటి లాగినప్పుడు రెండోది వదలాలని చెప్పాడు. నొప్పి పుట్టేలా వంచితే భయానికి రెండూ బిగుసుకుంటాయి. పైగా దెబ్బతిన్న మోచేతిని రుద్దితే లోపల నెత్తురు గడ్డకట్టి కండలోనే ఎముక మొలిచే ప్రమాదం ఉందట.

"వంచేది మీరు కాదు, పిల్ల కండనే వంచుకుంటది. ఇగ ముట్టకున్రి" అన్నాడు.

తిరుగు బస్సులో అత్త మాకు దూరంగా కూర్చుంది. ఆ తరువాత మా గడప తొక్కలేదు. వీధిలో పసిబిడ్డలకు నీళ్లు పోయడమూ మానేసింది. పిలవడానికి వచ్చిన వాళ్లతో "నా చేతులు మంచియి కావు" అన్నదని అమ్మ చెప్పింది.

రుద్దడం ఆగాక వాపు తగ్గింది. డాక్టరు చెప్పినట్టు నా అంతట నేనే ముడుస్తూ, చాపుతూ ఉంటే చేయి కొద్దికొద్దిగా లేవసాగింది. అది ఎంత లేస్తే నాకు అంత సిగ్గుగా ఉండేది. నా చేయి బాగుపడడమంటే అత్త మీద సాక్ష్యం చెప్పడమే అనిపించేది. దారిలో ఆమె ఎదురైతే, ఇంకా వంగనట్టే చేయి చాపుకుని నడిచేదాన్ని.

లింగం గుండె ఎత్తుకు వచ్చిన రోజున అత్తకు కబురు పంపడానికి నాకు నోరు రాలేదు. అమ్మే పంపింది. అత్త వచ్చి గడప అవతలే నిలబడి, "ఏదీ, ముడువు" అంది. ముడిచాను. రెండు వేళ్లు నా జబ్బ మీద ఆనించింది, నొక్కలేదు. వాటి కింద కండ లేచింది.

"నేను పట్టుకుంటె బుగులుకు దాక్కున్నది. నువ్వు పిలిస్తె లేసింది" అని, నా ముఖం చూడకుండానే వెళ్లిపోయింది.

ఎనభైలలో నా తొలి కాన్పు పుట్టింట్లో అయింది. బిడ్డకు నీళ్లు పోయడానికి ఎవరిని పిలుద్దామని అమ్మ అడిగితే, నేనే బిడ్డను ఎత్తుకుని అత్త ఇంటికి వెళ్లాను. ఆమె కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. "వద్దు బిడ్డా" అంది. బిడ్డను ఆమె కాళ్ల మీద పడుకోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఆ చేతులు కొంగులోంచి బయటికి రాలేదు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాక వచ్చాయి. వీపు, తొడలు, అరికాళ్లు, అన్నీ మునుపటిలాగే రుద్దింది. మోచేతుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేళ్లు పైకెత్తి, వాటిని దాటించి అవతల పెట్టింది. పసిదానికి ఏమీ కాదత్తా అని ఎంత చెప్పినా, ఆ తరువాత నా బిడ్డలందరికీ అంతే.

ఇప్పుడు ఏ కీలును ఎట్లా కదపాలో చెప్పే వాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు, మంచిదే, ఎందరివో చేతులు బాగుపడుతున్నాయి, ఆ చదువుకు దండం. ఒకరి నొప్పికి పక్కన కూర్చుని ఏడ్చే తీరిక మాత్రం ఇప్పుడు ఎవరికీ ఉన్నట్టు లేదు. ఆ డాక్టరునూ, అత్తనూ ఇద్దరినీ నాకిచ్చిన శివుడికి రోజూ మొక్కుతాను. మీ ఇళ్లలో పసిబిడ్డకు నూనె రాసేటప్పుడు ఒక్కసారి మా మేనత్తను తలచుకోండి. ఆమె చేతులు మంచివే.