ఎనిమిది గదులు, ఒకే పేరు

2003లో నేను మదనపల్లెలో ఒక ట్రావెల్ ఆఫీసులో పనిచేసేదాన్ని. బస్టాండు ఎదుట మందుల షాపు మీద, రెండు టేబుళ్ళు, ఒక ఫ్యాక్స్ మిషను పట్టేంత గది. ఓనరు రెడ్డెప్పగారు రైలు టికెట్లు చూసుకునేవారు. బయటూళ్ళలో హోటల్ గదులు బుక్ చేసే పని నాది, అవసరమైతే టికెట్లు కూడా తీసేదాన్ని. అందులో చేరి అప్పటికి ఆరేళ్ళు.

గుంపుగా పోయేవాళ్ళకు గదులు తీసుకుంటే హోటలుకు రూమింగ్ లిస్టు పంపాలి. ఏ గదిలో ఎవరెవరు ఉంటారో పేర్లతో రాసే కాగితం అది. చూడ్డానికి ఏముంది, పేర్ల వరస. కానీ బయటి నుంచి ఎవరైనా ఫోన్ చేసి ఫలానా మనిషి కావాలంటే హోటలువాళ్ళకు దిక్కు ఆ కాగితమే.

ఆ ఏడు పుంగనూరులో డ్రిప్ పైపుల కంపెనీ ఒకటి రైతుల్ని పుణె వైపు ద్రాక్షతోటలు చూపించడానికి తీసుకుపోతామంది. చౌడేపల్లె, సదుం పక్క నుంచి ఇరవై మంది. వాళ్ళలో చాలామంది తిరుపతి దాటి పోయినవాళ్ళు కాదు. వాళ్ళను తీసుకుపోయే కంపెనీ ఆఫీసరు పేరు మురళీధర్. పుణె రైల్వేస్టేషను దగ్గర నాకు తెలిసిన లాడ్జిలో గదులు చెప్పాను. ఇరవై పేర్లతో లిస్టు కూడా టైపు చేశాను. అంతలో ఆయన వచ్చి హోటలు మార్చమన్నాడు.

ఆయన చెప్పింది ఊరి అవతల ఉండే పెద్ద హోటలు. దేశమంతా వాళ్ళకు హోటళ్ళున్నాయి. పాయింట్లనే పద్ధతి అప్పుడప్పుడే మాకు తెలుస్తోంది. మెంబరుగా చేరినవాళ్ళ పేరు మీద ఎన్ని గదులు, ఎన్ని రాత్రులు నమోదైతే అన్ని పాయింట్లు. అవి పోగైతే ఇంకో ఊళ్ళో ఉచితంగా ఉండొచ్చు.

"గదులన్నీ నా పేరు మీదే రాయండమ్మా" అన్నాడు.

"ఎనిమిది గదులూనా సార్? మరి లిస్టు పంపొద్దా?"

"గ్రూప్ లీడర్ పేరుంటే చాలు. ఆ హోటల్లో మాట్లాడేశాను. ఈ రైతుల్ని అక్కడెవరు అడుగుతారు?"

రెడ్డెప్పగారి వైపు చూశాను. "సార్ ఎట్ల చెప్తే అట్ల రాయమ్మా" అన్నారాయన. రాశాను. ఇరవై పేర్ల కాగితం ఫైల్లో పెట్టేశాను. రైతుల ఇళ్ళలో ఇవ్వడానికి మాత్రం హోటలు ఫోన్ నంబరు చీటీల మీద టైపు చేసి ఇచ్చాను.

వాళ్ళు పోయిన మూడో రోజు, మంగళవారం మధ్యాహ్నం ఒకావిడ ఆ చీటీ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. చౌడేపల్లె దగ్గర పల్లె. పేరు లక్షుమ్మ. టూరుకు పోయిన వెంకటప్ప భార్య.

"మా మామకు కాలూ సెయ్యీ పడిపోయినాయమ్మా. ఈడ ఆస్పత్రిలో ఏసినాము. మాట తడబడతాండాది గానీ మాట్లాడతాండాడు. కొడుకును పిలిపీండి, వానికొక మాట సెప్పల్ల అంటాండాడు. నువ్విచ్చిన నంబరుకు బూత్‌లో మూడుసార్లు ఫోను సేపిస్తిని. బూత్ ఆయప్ప హిందీలో అడిగినాడు. ఆ పేరుగల్ల మనిషి ఈడ లేడంటారంట. మా ఇంటాయన యాడుండాడమ్మా?"

ఎందుకు లేడన్నారో నాకు తెలుసు. ఆమెకు చెప్పలేదు. "కూర్చోమ్మా, నేను చేస్తాను" అన్నాను.

హోటలు ఆపరేటరు నాకూ అదే చెప్పింది. వెంకటప్ప అనే గెస్టు లేరు. మురళీధర్ గారి పేరు మీద ఎనిమిది గదులున్నాయి. రైతులు పొద్దున్నే బస్సెక్కి తోటలకు పోతే చీకటి పడ్డాకే రావడం. మురళీధర్ సెల్‌ఫోను స్విచాఫ్. రోమింగ్ చార్జీల భయంతో ఆ రోజుల్లో రాష్ట్రం దాటితే అందరూ అదే చేసేవాళ్ళు. విషయం రాసి ఇవ్వమని ఆపరేటర్ని బతిమాలాను. గెస్టు మురళీధర్ గారే కాబట్టి ఆయన గది తలుపు కింద పెడతామంది. సాయంత్రం ఏడింటికి మళ్ళీ చేసి, ఆ ఎనిమిదింటిలో ఏదో ఒక గదికి కలపమన్నాను. గెస్టు పేరు చెప్పకుండా కలపరట. మురళీధర్ గదికి కలిపింది. ఎవరూ ఎత్తలేదు.

బుధవారం పొద్దున్నే చేస్తే మురళీధర్ దొరికాడు.

"నీ మెసేజ్ రాత్రే చూశానమ్మా" అన్నాడు.

"వెంకటప్పకు చెప్పారా సార్?"

"ఒక్కణ్ణి ఎట్లా పంపేది? భాష రాదు. శుక్రవారం పొద్దున అందరం బయల్దేరుతున్నాం కదా."

"వాళ్ళ నాన్నకు మాట పడిపోయేలా ఉంది సార్. నేను ఇక్కడి నుంచి టికెట్టు చూస్తాను. ఒకసారి ఫోన్ ఆయనకివ్వండి."

"కింద బస్సులో కూర్చున్నారు. సాయంత్రం నేనే చెప్తాను. నువ్వు మాటిమాటికీ చెయ్యొద్దు."

నమ్మాను. ఆస్పత్రికి పోయి లక్షుమ్మతో, కబురు చేరింది, ఈ రాత్రికి బయల్దేరతాడని చెప్పాను.

గురువారం సాయంత్రం ముసలాయనకు మాట పూర్తిగా పోయింది. వెంకటప్ప శనివారం పొద్దున మిగతావాళ్ళతో కలిసి దిగాడు. శుక్రవారం రైల్లో కూర్చున్నాకే మురళీధర్ అతనికి చెప్పాడట. ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన కూర్చుంటే తండ్రి అతని చెయ్యి పట్టుకుని నోరు కదిపాడు. మాట రాలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు బతికాడు. కొడుక్కి ఏం చెప్పాలనుకున్నాడో ఎవరికీ తెలియదు.

నెల తిరక్కుండా మురళీధర్ మా ఆఫీసుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"గోవాలో మూడు రాత్రులు ఫ్రీ వచ్చాయమ్మా. ఫ్యామిలీతో పోతాం. రైలు టికెట్లు చూడండి. గురువారం రాత్రి కూడా ఉండబట్టి సరిపోయింది. ఒక్క రాత్రి తగ్గినా ఆ ఆఫర్ పోయేది!"

అప్పుడు అర్థమైంది నాకు. గురువారం మధ్యాహ్నానికే తోటలు చూడ్డం అయిపోయిందని రైతులు చెప్పారు. సంగతి తెలిస్తే వెంకటప్ప బుధవారమే బయల్దేరేవాడు, అతనితో పాటు మిగతావాళ్ళూ గురువారం రాత్రి ఆగేవాళ్ళు కాదు. ఎనిమిది గదులు ఒక రాత్రి ముందే ఖాళీ అయ్యేవి. అందుకు దాచాడు ఈ మనిషి.

"వెంకటప్ప నాన్నకు మాట పోయింది సార్. మీకు తెలుసా?"

"పాపం, విన్నాను. వయసైంది కదా."

"ఆ గదుల్లో పడుకున్నది వాళ్ళు. పాయింట్లు మీకు. కనీసం కబురైనా వాళ్ళది వాళ్ళకు ఇచ్చి ఉండాల్సింది. మీకు నేను టికెట్లు తియ్యను."

"రెడ్డెప్పగారూ, ఏందండీ ఈమె?" అన్నాడు.

రెడ్డెప్పగారు నన్ను కసిరి, టికెట్లు తానే తీసిచ్చారు. 

ఇంటికి పోయి రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి డ్రిప్ కంపెనీకి, ఒకటి హోటలు హెడ్డాఫీసుకు. ఇరవై పేర్ల కాగితం జిరాక్సు జతచేశాను. కంపెనీ నుంచి జవాబే లేదు. హోటలువాళ్ళు మాత్రం నున్నటి కాగితం మీద విచారం తెలిపారు. నిబంధనల ప్రకారమే పాయింట్లు ఇచ్చారట. జరిగిన అసౌకర్యానికి వెంకటప్పను కూడా మెంబరుగా చేర్చి, కొన్ని పాయింట్లు వేసి, ప్లాస్టిక్ కార్డు నాకు పంపారు. అసౌకర్యమట! తండ్రి ఆఖరి మాట పోగొట్టుకున్న మనిషికి కార్డు.

దాన్ని అతనికి ఇవ్వడమా మానడమా అని వారం రోజులు కొట్టుకున్నాను. చివరికి వాళ్ళ పల్లెకు పోయాను. వెంకటప్ప టమాటా తోటలో కట్టెలు పాతుతున్నాడు. కార్డు చేతికిచ్చి, జరిగిందంతా చెప్పాను. లిస్టు నేను పంపలేదని కూడా చెప్పాను.

కార్డు అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చేశాడు.

"ఆయప్పకు పాయింట్లు కావల్ల, రాయించుకున్న్యాడు. నువ్వు యాల రాసిస్తివమ్మా?"

కోపంగా అనలేదు. ఎందుకు రాశానో తెలుసుకోవాలని అడిగాడు. ఓనరు చెప్పాడనీ, కస్టమరు అడిగాడనీ అనబోయి, కార్డు సంచిలో వేసుకున్నాను. అతను మళ్ళీ కట్టె పాతడంలో పడ్డాడు.

మరో రెండేళ్ళకు కుప్పంలో సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాను. ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ మేనేజరు పదిహేను మంది పనివాళ్ళను జైపూర్ పంపుతూ, గదులన్నీ తన పేరు మీద కావాలన్నాడు. పేర్లు తెమ్మన్నాను.

"వాళ్ళ పేర్లతో నీకేం పని?" అన్నాడు.

"వాళ్ళకూ ఇంటి నుంచి ఫోన్లొస్తాయి సార్" అన్నాను.

విసుక్కుని ఇంకో ఏజెంటు దగ్గరికి పోయాడు. నేను వెనక్కి పిలవలేదు. మోసం చేసే చెయ్యి ఎవరిదైనా, అది కాగితం మీదికి ఎక్కాలంటే నాలాంటి గుమాస్తా ఒకరు రాసిపెట్టాల్సిందే. ఆ రాతకు బాధ్యత రాయమన్నవాడిది ఎంతో, రాసిన నాది కూడా అంతే.